సినిమా ఇచ్చే ధైర్యం: ఎవరికి, ఎప్పుడు, ఎంత?

ఆ మధ్య ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలయింది. పడిపోయిన ఎడమ చెయ్యీ కాలూ ఇప్పుడిప్పుడే కొంచెం కదులుతున్నాయి. మందులు సరిగ్గానే వాడుతున్నారు. వ్యాయామం చేయించే మనిషి రోజూ ఇంటికి వస్తున్నాడు. అయినా పెద్దాయన మంచం దిగడం లేదు.

"డాక్టరు గారూ, ఆయనకి ధైర్యం రావాలని రోజుకో సినిమా టీవీలో పెడుతున్నానండీ. కష్టాల్లోంచి పైకొచ్చిన వాళ్ళ కథలే ఏరి ఏరి పెడుతున్నాను. ఆయనేమో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఇంకా మంచి సినిమా ఏదైనా వుంటే చెప్పండి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకంటే నలభై ఏళ్ళ కిందట డాక్టరునై వుండి నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. చేసింది పరాయి వాళ్ళకి కాదు, మా పెద్దక్కయ్యకి. మందు మంచిదే. వేళా, మోతాదూ తెలియకుండా ఇచ్చాను.

అప్పట్లో నేను తెనాలిలో ప్రాక్టీసు చేస్తుండేవాణ్ణి. మా అమ్మ చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది అక్కయ్యే. నాకన్నా పదమూడేళ్ళు పెద్దది. భర్త పోయాక మా ఇంట్లోనే వుండేది. ఆమెకు షుగరు వ్యాధి వుందని నాకు తెలుసు. మాత్రలు నేనే ఇచ్చేవాణ్ణి. 1984 కార్తీక మాసంలో గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూంటే, దీపాల దగ్గర పడివున్న నిప్పు అరికాలికి అంటుకుంది. ఆమెకు తెలియలేదు. షుగరు వల్ల పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయి. నొప్పి అనే కాపలాదారు నిద్రపోతాడు. పసుపు అద్ది వూరుకుంది. నేను రోజుకి అరవై మంది రోగుల్ని చూసేవాణ్ణి. మా ఇంట్లో వున్న ఆ రెండు పాదాలనూ చూడలేదు. నేను చూసేటప్పటికి బొటనవేలు నల్లబడింది. డిసెంబరులో ఎడమ కాలు మోకాలి కింద తీసెయ్యాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చాక అక్కయ్య మంచం దిగలేదు. మాటలు తగ్గిపోయాయి. తిండి సహించేది కాదు. ఒకరోజు రహస్యంగా, "ఒరేయ్, లేని కాలి బొటనవేలు దురద పెడుతోందిరా. నాకు మతి పోతోందా?" అని అడిగింది. ఇది మతి పోవడం కాదు. కాలు తీసేసినా మెదడులో ఆ కాలి పటం అలాగే వుంటుంది. కాలు తీసేసిన వాళ్ళలో చాలామందికి ఇలా అనిపిస్తుంది, కొందరికి నొప్పి కూడా వుంటుంది. దానికి చికిత్స వుంది. ఆమాట చెప్పాను. దానితోపాటు, ఇంట్లో వాళ్ళందరూ చెప్పే మాటే నేనూ రోజుకి పదిసార్లు చెప్పాను. "అక్కయ్యా, ధైర్యంగా వుండాలి." ఆమె తల వూపేది. కళ్ళు మాత్రం దూలం మీదే వుండేవి.

1985లో మా వూరికి "మయూరి" సినిమా వచ్చింది. ఆ కథ అప్పట్లో ఇంటింటా చెప్పుకునేవారు. సుధాచంద్రన్ అనే నాట్యకత్తె పదిహేను పదహారేళ్ళ వయసులో, 1981లో, తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడింది. గాయం కుళ్ళి కుడి కాలు మోకాలి కింద తీసెయ్యాల్సి వచ్చింది. ఆమె జైపూరు వెళ్ళి కృత్రిమ పాదం పెట్టించుకుని, మళ్ళీ అడుగులు నేర్చుకుని, 1984లో వేదికెక్కి నాట్యం చేసింది. సింగీతం శ్రీనివాసరావు గారు ఆ జీవితాన్నే సినిమాగా తీస్తే, ఆ పాత్రను ఆమే వేసింది. తెర మీద ఆడేది ఉత్త నటి కాదు, నిజంగా కాలు పోయిన పిల్ల. ఇంతకన్నా మంచి మందు మా అక్కయ్యకి ఎక్కడ దొరుకుతుందనుకున్నాను.

ఒక ఆదివారం మేట్నీకి రిక్షాలో తీసుకెళ్ళాను. మా ఆవిడ ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని హాల్లోకి నడిపించాం. జనం దారి ఇచ్చారు, జాలిగా చూశారు కూడా. చివర్లో ఆ అమ్మాయి గజ్జె కట్టి ఆడుతూంటే హాలంతా చప్పట్లు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కకి తిరిగి అక్కయ్య వంక చూశాను. ఆమె కళ్ళు పొడిగా వున్నాయి.

రిక్షా సగం దూరం వచ్చాక అడిగింది.

"నన్నెందుకు తీసుకొచ్చావురా?"

"ధైర్యం వస్తుందని, అక్కయ్యా."

"ఆ పిల్లకి పదహారేళ్ళు. నాకు నలభై ఆరు. దానికి గజ్జెలున్నాయి. నాకేమున్నాయి? అంత చిన్నపిల్ల లేచి ఆడుతోంది, నువ్వెందుకు లేవవు అని అడగడానికేగా తీసుకొచ్చావు!"

మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది ఏ వైద్య గ్రంథంలోనూ చదవలేదు. మంచి సినిమా కూడా మంచంలో వున్న మనిషికి దెప్పిపొడుపులాగా వినిపించవచ్చు. మనం వుత్సాహం ఇస్తున్నామనుకుంటాం. వాళ్ళకు "వాళ్ళు చేశారు, నువ్వు చెయ్యలేదు" అని వినబడుతుంది.

నాలుగో రోజు రాత్రి భోజనం పెడుతూంటే, నా మొహం చూడకుండా అడిగింది.

"ఆ జైపూరు కాలు పెట్టుకుంటే గొంతుక్కూర్చోవచ్చా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఆవిడకి అర్థమయింది. అప్పట్లో మా మరుగుదొడ్డి పెరట్లో వుండేది. అక్కయ్యను ప్రతిసారీ మా ఆవిడే పట్టుకుని తీసుకెళ్ళాలి, దగ్గరుండి కూర్చోబెట్టాలి, లేపాలి. రాత్రిపూట ఎవరినీ లేపడం ఇష్టం లేక అక్కయ్య సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు తాగడం మానేసిందని ఆరోజే నాకు తెలిసింది. ఆరు నెలలుగా ఆమె నాలుక ఎండిపోతూంటే షుగరు వల్ల అనుకున్నాను. డాక్టర్ని!

అంత సినిమాలోనూ ఆమె తనకోసం తెచ్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నే. నాట్యం అక్కర్లేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్ళి రావాలి. ఆమెకు కావలసిన గెలుపు అంతే. ఆ ప్రశ్నకు జవాబు అవును.

జైపూరు పాదం గొప్పతనమే అది. విదేశీ నమూనా కాళ్ళు బూట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చునే వాళ్ళకోసం తయారైనవి. మనం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం, గొంతుక్కూర్చుంటాం, పొలం గట్ల మీద వట్టి కాళ్ళతో నడుస్తాం. జైపూరులో డాక్టర్ పి.కె. సేథీ, పెద్దగా చదువుకోని చేతిపనివాడు రామచంద్రశర్మ కలిసి, రబ్బరుతో అన్ని వైపులకూ వంగే పాదాన్ని 1960ల చివర్లో తయారుచేశారు. 1981లో డాక్టర్ సేథీకి మెగసెసే అవార్డు వచ్చింది. 1975లో అక్కడ ప్రారంభమైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్ళను ఉచితంగా అమరుస్తోంది.

జైపూరుకి వుత్తరం రాశాను. జవాబు వచ్చింది. వెళ్ళే ముందు చెయ్యాల్సిన పని చాలా వుంది. మొదట షుగరు అదుపులోకి రావాలి. మిగిలిన కాలి మొండెం వాపు దిగి గుండ్రంగా తయారవడానికి రోజూ కట్టు కట్టాలి. మోకాలి కింద దిండు పెట్టుకోకూడదు. హాయిగానే వుంటుంది గానీ, మోకాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది, ఆ తరవాత కృత్రిమ కాలు అమరదు. రోజూ కాసేపు బోర్లా పడుకోవాలి. చంకకర్రల మీద బరువు ఆనించడానికి చేతులకి బలం రావాలి. ఇవన్నీ ఆమె ఆపరేషన్ అయినప్పటి నుంచీ చెయ్యాల్సినవే. అంతవరకూ చెప్పినా చెయ్యలేదు. ఇప్పుడు చెప్పకుండానే చేసింది. గడియారం చూసుకుని మరీ బోర్లా పడుకునేది.

1986 సంక్రాంతి వెళ్ళాక విజయవాడలో ఢిల్లీ రైలెక్కి, అక్కణ్ణించి జైపూరు వెళ్ళాం. ఆ ఆవరణలో అక్కయ్య చూసిన దృశ్యం నాకిప్పటికీ గుర్తే. తలపాగా చుట్టుకున్న రైతులు, పిల్లల తల్లులు, కూలివాళ్ళు, బడిపిల్లలు. ఒకరు కాలు తొడుక్కుంటున్నారు, ఒకరు కమ్మీ పట్టుకుని అడుగులేస్తున్నారు, ఒకరు పడుతున్నారు, లేస్తున్నారు. పక్కనే పనివాళ్ళు అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి పిక్కలాగా వంచుతున్నారు. అక్కయ్య వయసున్న రాజస్థానీ ఆవిడ ఒకామె నేలమీద గొంతుక్కూర్చుని, ఎవరి సాయం లేకుండా లేచి నిలబడింది. భాష రాకపోయినా అక్కయ్య ఆమెను పిలిచి, "ఇంకోసారి" అన్నట్టు వేలు చూపించింది. ఆవిడ నవ్వి మళ్ళీ కూర్చుని లేచింది. మా అక్కయ్యకు అసలు సినిమా అదీ!

ఇంటికి వచ్చిన వారానికే పెరట్లో పడింది. మొండెం మీద బొబ్బ లేచింది. నాలుగు రోజులు కాలు పెట్టుకోవద్దన్నాను. మళ్ళీ మంచం ఎక్కుతుందేమోనని లోపల భయం. అయిదో రోజు తనే అడిగి పెట్టుకుంది.

ఇంకో చిక్కు వచ్చింది. షుగరు వున్నవాళ్ళు వట్టి కాళ్ళతో నడవకూడదు. కృత్రిమ పాదానికి ఏం కాదుగానీ, మిగిలిన మంచి పాదం సంగతేమిటి? ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమన్నాను. మడిగా వంటింట్లోకి వెళ్ళే మనిషి చెప్పులా! పెద్ద గొడవే అయింది. చివరికి ఒక కొత్త రబ్బరు చెప్పుల జత కొని, రోజూ కడిగి, ఇంట్లో తప్ప ఇంకెక్కడా తొడగకుండా రాజీ పడ్డాం. వాటికి ఆవిడ "మడి చెప్పులు" అని పేరు పెట్టుకుంది.

మార్చి నెలలో ఒక తెల్లవారుజామున పెరట్లో నీళ్ళ చప్పుడయింది. మా ఆవిడా నేనూ ఒక్కసారే మేలుకున్నాం. అక్కయ్య మంచం ఖాళీగా వుంది. లేవబోతూంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంతసేపటికి ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా వినిపిస్తూ లోపలికి వచ్చాయి. కూజా మూత తీసిన చప్పుడు. గ్లాసు నిండా మంచినీళ్ళు తాగింది. మేమిద్దరం నిద్రపోతున్నట్టే వున్నాం.

అక్కయ్య 2004 దాకా బతికింది. రెండో కాలు పోకుండా కాపాడుకున్నాం. తరవాత్తరవాత "మయూరి" టీవీలో వస్తే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది. "ఆ పిల్లదీ నాదీ ఒకటే కంపెనీ కాలు" అని గర్వంగా చెప్పేది. 1985లో కోపం తెప్పించిన సినిమాయే అది!

ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆ తరవాత నేను చదివి తెలుసుకున్నాను. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. "ఈ పని నేను చెయ్యగలను" అనే నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నాడు. తను స్వయంగా చేసి చూడటం, తనలాంటి వాళ్ళు చేస్తూంటే చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, తన వొంటి స్థితి. వీటన్నిటిలో బలమైనది మొదటిదే. ఎంత చిన్న పనైనా సరే, స్వయంగా చెయ్యాలి. సినిమా రెండో దారికి చెందుతుంది. అదీ చూసేవాళ్ళకి "ఈమె నాలాంటిదే" అనిపిస్తేనే. మనం పగలూ రాత్రీ చెప్పే "ధైర్యంగా వుండు" మూడోది. నొప్పీ నిద్రలేమీ వుంటే నాలుగోది అడ్డం తిరుగుతుంది. అందుచేత సినిమా తలుపు తియ్యగలదు. గడప దాటడం మాత్రం మనిషే చెయ్యాలి.

మీ ఇంట్లో ఎవరైనా జబ్బుపడి దిగులుగా వుంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

సినిమా కన్నా ముందు ఒక ప్రశ్న అడగండి. "ఎవరి సాయం లేకుండా మొదట ఏ పని చేసుకోవాలని వుంది?" అని. జవాబు మీకు చిన్నదిగా కనిపించవచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి.

నొప్పి తగ్గకుండా, నిద్ర పట్టకుండా సినిమా పెట్టి లాభం లేదు. ముందు వాటికి వైద్యం చేయించండి.

మొదటి రీలులో పడి చివరి రీలులో గెలిచేసే కథ కన్నా, మధ్యలో పడటమూ లేవడమూ చూపించే కథ మంచిది. 1986లో వచ్చిన "సిరివెన్నెల"లో కళ్ళులేని వేణుగాన విద్వాంసుడూ, మాటలు రాని చిత్రకారిణీ వున్నారు. వాళ్ళు లోపంతోనే బతుకుతారు. 2016లో వచ్చిన "వూపిరి" రోగి కన్నా రోగి పక్కన వుండేవాళ్ళు చూడవలసిన సినిమా. చక్రాల కుర్చీలో వున్న మనిషికి జాలి కన్నా స్నేహం ఎక్కువ పనిచేస్తుందని అందులో తెలుస్తుంది.

తలకి దెబ్బ తగిలి పోయిన జ్ఞాపకం మళ్ళీ దెబ్బ తగిలితే రావడం, గుడిగంట మోగగానే కళ్ళు కనిపించడం కథకి బాగుంటాయి. ఆసుపత్రిలో అలా జరగదు. అలాంటివి చూసి మందులు మానేసిన వాళ్ళను నేను చూశాను.

సినిమా అయ్యాక, "చూశావా, వాళ్ళెలా లేచారో!" అనకండి. వూరుకోండి. రెండు మూడు రోజులకి వాళ్ళే ఏదో ఒకటి అడుగుతారు. ఆ ప్రశ్నకోసం కాచుకోండి.

ప్రతి సినిమా పాఠం చెప్పాలనీ లేదు. మాయాబజార్ చూసి కడుపారా నవ్వుకున్నా మందే. మూడు గంటలూ కదలకుండా మాత్రం కూర్చోనివ్వకండి. ఇంటర్వెల్‌లో లేపి, కాళ్ళూ చేతులూ ఆడించమనండి.

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" లాంటి మాటలు వుంటే అది సినిమాతో పోయే దిగులు కాదు. అదొక జబ్బు, దానికి వైద్యం వుంది. చచ్చిపోవాలన్న మాట వినబడితే రెండు వారాలు ఆగవద్దు, మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఇక షుగరు వున్న ఇళ్ళవాళ్ళకి నా సొంత మాట. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ, అరికాళ్ళూ, వేళ్ళ సందులూ దీపం వెలుగులో చూడండి. కళ్ళు సరిగ్గా ఆనని పెద్దవాళ్ళకి ఇంట్లో ఇంకొకరు చూడాలి. చిన్న బొబ్బ కనిపించినా ఆరోజే చూపించండి. నేను చూడలేదు కనక చెబుతున్నాను.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పి పంపాను. పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు. వాళ్ళ నాన్నగారిని ఆ ప్రశ్న అడిగాడట. చాలాసేపు మాట్లాడకుండా వుండి, "మంగలిని ఇంటికి పిలిపించకండ్రా. వీధి చివర షాపుకి నేనే వెళ్ళి గడ్డం చేయించుకుంటాను," అన్నారట. ఇంటినుంచి షాపుకి ఎనభై అడుగులు. ఇప్పుడు చేతికర్రతో గేటు దాకా పన్నెండు అడుగులు వేస్తున్నారు.

"ఏ సినిమా పెట్టమంటారు?" అని మళ్ళీ అడిగాడు కుర్రాడు.

"షాపుకి వెళ్ళొచ్చిన రోజు ఆయన్నే అడుగు," అన్నాను.